పటిక కలిపిన అడవి

సైదాబీకి ముక్కు ఎక్కువ. కోపం కూడా ముక్కు మీదే ఉండేదనుకోండి, అది వేరే సంగతి. వాసన పట్టడంలో మాత్రం నరసరావుపేట మొత్తంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. పక్కవీధిలో పాలు విరిగితే ఇక్కడ ముఖం చిట్లించేది. అలాంటి మనిషిని దేవుడు తీసుకొచ్చి ఏళ్ళ తరబడి వజ్రం ఉడికే పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. వజ్రమంటే ఉంగరంలో రాయి కాదు. పశువుల తోళ్ళూ గిట్టలూ ఉడకబెట్టి తీసిన జిగురు. వడ్రంగులు చెక్కలు అతికిస్తారు, తెరలు రాసేవాళ్ళు రంగుల్లో కలుపుతారు. ఎండిన పెళ్ళలుగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. నీళ్ళు తగిలి సెగ సోకిందంటే చచ్చిన గొడ్డు లేచి ఇంట్లోకి నడిచొచ్చినట్టు ఉంటుంది.

ఆ పొయ్యి శ్రీ మనోరంజని సీనరీ కంపెనీది. పాత పత్తి గోడౌనులో పెట్టారు దాన్ని. నాటకాలకు కావలసిన తెరలు, అట్టకోటలు, చెక్క సింహాసనాలు తయారుచేసి, అద్దెకు రైలెక్కించి గురజాల, మాచర్ల దాకా, బండ్లెక్కించి వెల్దుర్తి దాకా పంపేవాళ్ళు. ముందునుంచి చూసేవాళ్ళకు అది కైలాసం, దర్బారు, పూలతోట. సైదాబీ చూసేది వెనకనుంచి. వెనక వజ్రం మరకలు, ఎలక పెంటికలు, అక్కడక్కడా ప్రొప్రైటరు చెన్నకేశవులు ఉమ్మిన కిళ్ళీ.

ఆవిడ పని కుట్టు. ముతక గాడాగుడ్డ పన్నాలు, అంటే సన్నటి పొడుగు ముక్కలు, ఒకదానికొకటి చేర్చి, ఇంటికప్పంత తెర తయారుచేసి ఇవ్వాలి. మీద రంగు పడ్డాక అతుకు ఎక్కడుందో దీపం పెట్టి వెతికినా దొరక్కూడదు. సైదాబీ కుట్టు దొరికేది కాదు. ఆ గుడ్డ మీద ఆవిడ మొగుడు ఖాదర్ వలి బొమ్మలు రాసేవాడు. కంపెనీకి పేరు తెచ్చిన పెయింటరతనే. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. చెట్టు రాశాడంటే దాని కింద కూర్చోవాలనిపించేది. ఇంటికొచ్చి స్నానం చేసి, అత్తరు రాసుకుని, అన్నం ముందు కూర్చుని చేతులు వాసన చూసుకుని "పోలేదే" అనేవాడు. రోజూ అదే మాట. పెళ్ళయిన కొత్తలో సైదాబీ నవ్వేది. తర్వాత తర్వాత తన చేతులు కూడా చూసుకునేది.

ఇక చెన్నకేశవులు సంగతి చెప్పాలి, చెప్పాలంటేనే చిరాకు. మనిషి చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. జాలిగుండె అంటారు. నాటకంలో తల్లీబిడ్డలు విడిపోతే ముందు వరసలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేవాడు. పై కండువా తడిసిపోయేది. అదే మనిషి వడ్రంగి ప్రభుదాసు చెయ్యి ఉలి తగిలి తెగి రక్తం కారుతుంటే "చెక్క మీద పడనీయకు, మరక పోదు" అన్నాడు. పైగా నమ్మకాలొకటి. కొత్త తెరకు నిమ్మకాయ కోయందే దించనిచ్చేవాడు కాదు. కాటి సీనులో శవవేషం మీద కప్పిన గుడ్డను తిరిగి కంపెనీ పెట్టెలో పెట్టనిచ్చేవాడు కాదు. ఆటశవమే అయినా ఆ గుడ్డ ఎవరింట్లో చేరితే వాళ్ళింట్లో నిజంగా దాంతో అవసరం పడుతుందని అతని భయం. అందుకని చింకిగుడ్డ ఏదో కప్పించి, ఆట కాగానే పనివాళ్ళలో ఎవరికో ఒకరికి పారేసేవాడు. పనివాళ్ళకూ ఇళ్ళుంటాయన్న ఊహ అతనికి ఎప్పుడూ రాలేదు.

మనోరంజనిలో ఇంకో పద్ధతుంది. తెర పాతబడితే నీళ్ళలో నానబెట్టి, బండకేసి ఉతికి, రంగంతా వదిలించి, అదే గుడ్డ మీద కొత్త సీను రాయించేవాళ్ళు. ఖాదర్ వలి నెల రోజులు కూర్చుని రాసిన తోట ఒక పూటలో పచ్చటి మురికినీళ్ళయి గోడౌను వెనక కాలవలో పోయేది. అతను ఆ రోజుల్లో పనిలోకి వెళ్ళేవాడు కాదు, జ్వరమని పడుకునేవాడు. చివరికి ఒక అడవి తెర రాసేటప్పుడు రంగులో పటిక కలిపాడు. వజ్రంలో పటిక పడితే రంగు రాయిలా పట్టుకుంటుంది, నీళ్ళకు లొంగదు. ఈ సంగతి సైదాబీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఈ ఒక్కటీ ఉండనీయే. నేను పోయినా ఉంటది" అన్నాడు.

చెన్నకేశవులు ఆ తెరను మూడేళ్ళ తర్వాత ఉతికించాడు. పోలేదు. చాకళ్ళు వాడే సవుడు మన్ను వేసి ఉడికించాడు. ఆకులు కాస్త వెలిశాయి గానీ మానులు మానుల్లాగే నిలబడ్డాయి. "ఏం రంగు రాశావురా, నా గుడ్డ నాశనం చేశావు" అని ఖాదర్ వలిని నలుగురిలో నానామాటలు అని, తెరను చుట్టి మూలన పడేయించాడు. ఎలకలు కాపురం పెట్టాయి.

యుద్ధం చివరికొచ్చేసరికి గుడ్డ కంట్రోలయింది. పెళ్ళికూతుళ్ళు అరువు చీరల్లో పీటలెక్కారు. పర్మిట్టు లేందే దుకాణంవాడు జేబురుమాలు కూడా చూపించేవాడు కాదు. నాటకాలు తగ్గాయి, కంపెనీ ఎండిపోయింది. ఆ సమయంలో ఊళ్ళో ప్లీడర్ల నాటక సమాజం వాళ్ళు ఏదో యుద్ధనిధి పేరు చెప్పి నాటకం తలపెట్టారు. కలెక్టరు వస్తాడన్నారు. వాళ్ళ పలుకుబడితో కొత్త దర్బారు తెర కోసం తెల్లటి మిల్లుగుడ్డ తాన్లు కంపెనీకి వచ్చాయి. చెన్నకేశవులు వాటిని లోపలి అరలో పెట్టి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తాన్లు లోపలికి మోసింది సైదాబీయే. కొత్త గంజి వాసన. ఎన్నాళ్ళ తర్వాతో ముక్కుకు మంచి వాసన తగిలిందని కాసేపు భుజం మీదే ఉంచుకుంది.

ఖాదర్ వలి దగ్గు ఆ ఎండాకాలం ముదిరింది. మంచం పట్టాడు. చివరి రోజుల్లో ఒకసారి భార్య చెయ్యి పట్టుకుని అన్నాడు:

"ఏమే, నాకు రంగులేని గుడ్డ కప్పించు. కొత్తది. బతుకంతా రంగు, వజ్రం, ఇదే అయిపాయె. తెల్లగా పోవాల నేను."

"ఆ మాటలెందుకయ్యా ఇప్పుడు."

"మాటివ్వు."

మాటిచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే అతను పోయాడు.

ప్రభుదాసు ప్రార్థనకు వెళ్ళబోతూ కబురు విని, తెల్ల చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు. అతను ఖాదర్ వలిని అన్నా అనీ, సైదాబీని వదినా అనీ పిలిచేవాడు. పర్మిట్టు కోసం కచేరీకి పోతే ఆదివారం, తాళం. గుమాస్తా ఇంటికి పోతే ఊళ్ళో లేడు. దుకాణాల వెనక తలుపులు తట్టాడు. ఒకడు బంగారం కొన్నంత ధర చెప్పాడు, ఇంకొకడు తలుపే తియ్యలేదు. చెమటతో తిరిగొచ్చి వాకిట్లో చతికిలబడ్డాడు.

"దొరకలా వదినా. చచ్చినోళ్ళకు కూడా గుడ్డ లేకుండా చేశారు, దరిద్రులు."

సైదాబీ తలమీద కొంగు లాక్కుని చెన్నకేశవులు ఇంటికి బయల్దేరింది. మొగుడు పోయిన ఆడది ఆ పూట గడప దాటకూడదు. పక్కింటి జుబేదా అడ్డం నిలబడింది కూడా. "నాకు మాటుంది" అని పక్కకు తప్పించి వెళ్ళింది.

చెన్నకేశవులు అరుగు మీద తమలపాకులు తుడుచుకుంటున్నాడు. విషయం వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఎంత పెయింటరమ్మా! మనోరంజనికి కుడిచెయ్యి పోయింది."

"కఫన్‌కు గుడ్డ కావాలయ్యా. అరలో తాన్లున్నయి గదా. పది గజాలిప్పించండి."

కన్నీళ్ళు అక్కడే ఆగిపోయాయి. "అవి ప్లీడర్ల పేర వచ్చినయ్యమ్మా. జానెడు తగ్గినా నా మెడకు చుట్టుకుంటది."

"తగ్గదయ్యా. అతుకుల దగ్గర మడత సన్నం చేసి కుడతా. తెర అంతే వస్తది. కుట్టేది నేనే గదా, ఎవురికీ తెలవదు."

ఆవిడ చెప్పింది నిజమే. మడతలో వేలెడు వేలెడు మిగిలిస్తే పది గజాలు తేలిగ్గా వచ్చేది. చెన్నకేశవులుకూ అది తెలుసు. కండువాతో కళ్ళొత్తుకుని, ఏదో వరం దొరికినవాడిలా ముఖం వెలిగించుకున్నాడు.

"ఒక పని చెయ్యి. ఆ అడవి తెర తీసుకుపో. ఉతికితే శుభ్రమైన గుడ్డే గదా. ఊరికే తీసుకో, ఏమీ ఇవ్వబాక."

రంగు పోదని తెలిసిన గుడ్డ. రెండుసార్లు తనే ఉతికించి పోక, ఎలకలకు వదిలేసిన గుడ్డ. అది దానం చేస్తూ తన ఉదారతకు తనే కరిగిపోయి మళ్ళీ ముక్కు చీదాడు. సైదాబీకి ఆ ముఖం మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మెయ్యలేదు. ఇంట్లో శవం ఉంది, ఎండ ముదురుతోంది.

తెర తెచ్చి పెరట్లో పరిచారు. ఎలక పెంటికలు దులిపి, సైదాబీ, జుబేదా కలిసి బావి దగ్గర నీళ్ళు పోశారు. నీళ్ళు తగలగానే వజ్రం లేచింది. ఇన్నేళ్ళనాటి కంపు, తోళ్ళ కంపు, ఎలక ఉచ్చతో కలిసి లేచింది. జుబేదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు పోయి వాంతి చేసుకుంది. సైదాబీ మాత్రం కుంకుడుకాయలు పోసి, బూడిద రుద్ది, మోకాళ్ళమీద కూర్చుని బండకేసి బాదింది. ఏ జంతువు తోలో, బతికుండగా కోసిందో చచ్చాక ఒలిచిందో. ఆ కంపు కడిగించుకోవడానికి ఆయన రోజూ స్నానం చేశాడు. ఆ కంపులోనే ఇప్పుడు చుట్టబోతున్నారు. ఆకులు పోయాయి, ఆకాశం పోయింది. మానులు పోలేదు. పచ్చటి చారలు, గోధుమరంగు చారలు, ఎంత బాదినా అలాగే ఉన్నాయి.

"ఎంత పని చేశావయ్యా పటిక కలిపి" అని పైకే తిట్టింది. ఆ రోజు మొగుడి కోసం ఆవిడ నోటినుంచి మొదట వచ్చిన మాట అదే, ఆ తర్వాత గానీ ఏడుపు రాలేదు.

మసీదు పేషిమాం వచ్చి చూసి, కడిగిన గుడ్డ పాకే, శుద్ధమైనట్టే, ఫర్వాలేదన్నాడు. "అయితే కఫన్‌కు కుట్టుండకూడదమ్మా, అతుకులు విప్పించండి" అన్నాడు. అతుకులు సైదాబీవి. దీపం పెట్టినా దొరకని అతుకులు. తడిసి బిగుసుకుపోయిన దారాన్ని సూదిమొనతో లేపి, పంటితో కొరికి, ఒక్కొక్క కుట్టే విప్పింది. వయసులో ఉన్నప్పుడు పంతానికి అంత దగ్గర దగ్గరగా కుట్టినందుకు తనను తాను తిట్టుకుంది. నోట్లో వజ్రం రుచి తగిలింది. వాకిట్లో మగవాళ్ళు ఎండ చూసుకుంటూ గొంతులు సవరించుకుంటున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ సాయానికీ రాలేదు. విప్పిన పన్నాలు సన్నం కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిచి, ఖాదర్ వలిని అందులో చుట్టారు. గుండెల మీదుగా ఒక పచ్చటి మాను అడ్డం పడింది. సైదాబీ దాన్ని కిందికి తిప్పమంది. తిప్పితే ఇంకొకటి పైకొచ్చింది.

భుజాల మీదికి జనాజా లేచేవేళకు చెన్నకేశవులు పన్నీరు బుడ్డితో వచ్చాడు. గుడ్డ మీద చారలు చూసి గట్టిగా ఏడ్చాడు. "చూశారా! తన అడవిలో తనే పడుకున్నాడు" అన్నాడు. విన్నవాళ్ళు అవునవునన్నారు. ప్రభుదాసు పళ్ళు కొరుక్కుని తల దించుకున్నాడు.

వారం తిరగకముందే ఆ మాట కథయింది. చెన్నకేశవులు కనపడినవాడికల్లా చెప్పాడు. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగింది. చివరికి ఖాదర్ వలే చనిపోతూ తన చెయ్యి పట్టుకుని, "నా తెరే నాకు కప్పండి" అని కోరాడనీ, తాను కొత్త గుడ్డ ఇస్తానన్నా వద్దన్నాడనీ తేలింది. ఊరివాళ్ళు సైదాబీ దగ్గరకొచ్చి "ఎంత గొప్ప చావమ్మా" అనేవాళ్ళు. ఆవిడ గోడవైపు తిరిగేది. ఇద్దత్‌లో ఉన్న ఆడది, ఇల్లు కదలకూడని రోజులు, ఎవరితో వాదించాలి? ఆ రోజుల్లోనే తాన్లు ఇంటికొచ్చాయి, కుట్టమని. కడుపుంది కాబట్టి కుట్టింది. దర్బారు తెర కుట్టగా పెద్ద ముక్కే మిగిలింది. దాని అంచులు మడిచి కుట్టమని మళ్ళీ కబురొచ్చింది. సింహాసనం మీదికేమో అనుకుని అదీ కుట్టి పంపింది.

ఇద్దత్ తీరాక నాటకం పడింది. తెర చిరిగితే అతకడానికి సూదీదారంతో సైదాబీ పక్కన నిలబడాలి, అది ఆవిడ ఉద్యోగం. కలెక్టరు రాలేదు, ఎవరినో పంపాడు. ప్లీడర్లు పద్యాలు సాగదీసి సాగదీసి పాడారు. కాటి సీను వచ్చేసరికి తూర్పు తెల్లబారుతోంది. దానికి ముందు చెన్నకేశవులు రంగం మీదికొచ్చి, ఈ కాటి తెర మా ఖాదర్ వలి ఆఖరి పని అని, అతని కోరిక కథ మొత్తం జనానికి చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. జనమూ ఏడ్చారు. పక్కన చీకట్లో సైదాబీకి వజ్రం కంపు వచ్చింది. పొయ్యి అక్కడ లేదు, గోడౌను దూరం. అయినా వచ్చింది.

తెర లేచింది. యువరాజు శవం. వేషం వేసింది ఒక బలిసిన ప్లీడరు. పెద్దమనుషులొస్తారని ఈసారి చింకిగుడ్డ పనికిరాదన్నారట. అతని మీద తెల్లటి కొత్త గుడ్డ కప్పి ఉంది. మెడ నుంచి పాదాల దాకా, కింద ఇంకా జారేటంత. అంచుల మీద తన కుట్టు. సైదాబీ సూది వేలిలో దిగింది. గుడ్డ కింద యువరాజు పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

ఆట అయ్యింది. తెల్లారింది. ప్రభుదాసు మనుషులు తెరలు చుడుతున్నారు. ప్లీడర్లు ముఖాన రంగులు తుడుచుకుంటూ కాఫీలు తాగుతున్నారు. చెన్నకేశవులు ఆ గుడ్డను వేళ్ళ కొసలతో పట్టుకుని, అందరూ చూసేటట్టు సైదాబీ ముందుకొచ్చాడు. పెట్టెలో పెట్టకూడని గుడ్డ, ఎవరికో ఒకరికి వదిలించుకోవాలి.

"ఇదిగో సైదాబీ. కొత్త గుడ్డ. ఖాదర్ వలి పేరు చెప్పి ఇస్తన్నా, తీసుకో" అన్నాడు, గొంతు బొంగురుచేసుకుని.

"ఎంత మంచి మనసండీ మీది" అన్నాడు యువరాజు.

సైదాబీ చేతులు చాచలేదు. గుడ్డ నుంచి గంజి వాసన, దానిమీద మొహాన రాసుకునే పౌడరు, పరాయివాడి చెమట. ముక్కు మూసుకోకుండా నిలబడింది.

"అయ్యా, మా ఆయన తన తెర కప్పమన్లా. రంగులేని కొత్త గుడ్డ కావాలన్నాడు. నేను మీ అరుగు ముందు నిలబడి అడిగింది ఈ గుడ్డే. లేదన్నారు."

చెన్నకేశవులు గుడ్డను ఇంకాస్త ముందుకు చాపాడు.

"ఇప్పుడిస్తన్నా గదమ్మా..."

"ఆయనకిప్పుడు అక్కర్లా. నాకొద్దు. మీరే ఉంచుకోండి. మీ ఇంట్లోకి కావాల్సొచ్చిన రోజున ఎవురి అరుగు ముందూ నిలబడే పనుండదు."

చెన్నకేశవులు చేతిలోంచి గుడ్డ జారి కింద పడింది. సైదాబీ సూదిని దారానికి గుచ్చి, దారపుండను చెక్క సింహాసనం మీద పెట్టి, మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గోడౌను గడప తొక్కలేదు. నకరికల్లులో అన్న ఇంటికి చేరి, రవికలు కుట్టుకుని బతికింది.

గుడ్డ అక్కడే పడి ఉంది. "తియ్యరా" అన్నాడు చెన్నకేశవులు ప్రభుదాసుతో. ప్రభుదాసు మేకులు పీకుతూ తల ఎత్తలేదు. "నా చేతులకు వజ్రం అంటిందయ్యా, మాసిపోద్ది" అన్నాడు. తెరలు మోసేవాళ్ళు దాన్ని దాటుకుంటూ దాటుకుంటూ పెట్టెలన్నీ బండెక్కించారు. ప్లీడర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి చెన్నకేశవులే వంగి తీసుకున్నాడు. ఈసారి ఏడుపు రాలేదు. పెట్టెలో పెట్టడానికి లేదు, ఇంటికి తీసుకెళ్ళడానికి ధైర్యం లేదు. బళ్ళు కదిలి మలుపు తిరిగేదాకా ఆ గుడ్డ రెండు చేతుల మీదా వేసుకుని రంగం మధ్యలో అట్లాగే నిలబడ్డాడు.